మూడో నంబరు షెడ్డు

కాజీపేట డీజిల్ కాలనీ దాటినంక
రేకుల షెడ్డుల నా కుర్చీ.
నేను కావలిగాసేది బంగారం గాదు, ఇనుము గాదు.
భూమి పేగులు.

నూట పద్దెనిమిది చెక్కపెట్టెలు.
ఒక్కో పెట్టెల ఐదు గాళ్లు, గాడికో మీటరు
చెల్క మన్ను, మొరం, మెత్తరాయి, గట్టిరాయి,
లోపల ఎట్లుండెనో అట్లనే వరుసగ పండుకొని.
పెట్టె మీద ఎర్ర మార్కరుతోని రాసింది నేనే:
"బోరు ఇరవై ఏడు. పదకొండు మీటర్లు. తడి."

హైస్పీడు రైలన్నరు. గంటకు మూడొందల కిలోమీటర్లు.
నేను లెక్కగట్టుకున్న:
ఫాతిమానగర్ గుడిల ఒక్క పరలోక జపం ఒడిసేలోపు
రెండున్నర కిలోమీటర్లు.

ఆ యేడు మిషను ఎంట ఊరూరు తిరిగినం
నేను, స్పెయిన్ దేశపు ఇంజినీరు ఇన్యాకి.
తలకు గళ్ల తువ్వాల జుట్టుకొని
కాల్చిన మక్కకంకి మూతికి మసి అంటంగ తినేటోడు.
ఒకనాడు నా గుర్తింపు కార్డు సూసి ఆగిండు.
ఇన్నయ్య అంటే ఏందని.
ఇగ్నేషియస్ పునీతుని పేరు సార్,
మా ముత్తాత నోట్లె అరిగి అరిగి ఇట్లయిందన్న.
రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నడు:
మా కొండలల్ల అదే పేరు అరిగితే ఇన్యాకి.

ఒక్క పేరు. రెండు గేజులు.

ఎందుకాగిందే ఇన్నయ్యా, అంటరు చాయ్ హోటల్ల.
ఒక్క మాటల చెప్పొస్తదా?
డ్రిల్లు బిట్లు చెన్నై ఓడరేవుల ఏడు నెలలు పండుకున్నయి.
కాయితంల "వజ్రం" అని ఉండెనట,
వజ్రానికి సుంకం వేరేనట.
రాళ్లు కోసే పన్ను అది, ముక్కుపుడక గాదని
తేల్చేసరికి వానలు పడ్డయి.
అప్పిస్తనన్న దేశంల సర్కారు మారింది.
ఈడ లైను రెండు ఫర్లాంగులు తూర్పుకు మారింది,
అక్కడ నూట నాలుగు తాళ్లు.
"పోద్దాడుకొక లెక్క, పండుతాడుకొక లెక్క,
మా నాయిన జారిపడ్డ చెట్టుకేం లెక్క?"
అన్నడు గీత సంఘం దూడల సమ్మయ్య.
ఫారంల ఒక్కటే గడి: చెట్లు, ఎన్ని.
ఇన్యాకి రెండు దినాలు సమ్మయ్యెంట తిరిగి
చెట్టుకొక బొమ్మ గీసి పంపిండు.
వాపసొచ్చినయి. బొమ్మలకు స్కేలు లేదట.

ఇగ ఇరవై ఏడు.
గుగులోతు చాందీబాయి చెల్క.
రాయి కోసమని దించినం, నీళ్లు లేచినయి,
మనిషెత్తు లేచి నా చొక్క తడిపినయి.
పని ఒడవంగనే సిమెంటుతోని మూసెయ్యాలె, అది రూలు.
సిమెంటు బిల్లు పాస్ గాలె.
"రేపు మూస్త" అన్న.
ఆమె మోటరు దించింది. రెండెకరాల మిర్చి ఎర్రగైంది.
గ్రామసభల లేచి నిలవడ్డది:
"నీళ్లు సూపెట్టింది మీరే.
నీళ్లున్న భూమికి ఎండిన భూమి ధర కడ్తరా?"
నలభై ఒకటో అభ్యంతరం. కోర్టుల ఇప్పటికీ నడుస్తంది.

రైలు ఎవరాపిన్రంటే ఆమె పేరే చెప్తరు అందరు.
బోరు మూయని చేతులు ఇవి.
ఎవ్వలికి చెప్పలె.
ఇన్యాకికి తెలుసు. పొయ్యేనాడు ఏమనలె,
తువ్వాల ఇప్పి నా మెడల ఏసి పోయిండు.
వాళ్ల కంపెనీని ఇంకో కంపెనీ కొన్నదట.
నా జీతం ఏ ఆఫీసు నుంచొస్తదో నాకెరుకలేదు,
వస్తది.

పోయిన నెల ఆడిట్ పిల్లగాడొచ్చి పెట్టెలు లెక్కవెట్టిండు.
విలువ అన్న కాడ గీత గొట్టిండు.
కింద నన్ను సంతకం పెట్టుమన్నడు. పెట్టిన.

రాత్రి రెండింటికి ఢిల్లీ బండి పోతది.
షెడ్డు అదురుతది, గాళ్లల్ల రాళ్లు ఇంత జరుగుతయి.
పొద్దుగాల చెదలు దులిపి మళ్ల సదురుత,
పదో మీటరు పక్కన పదకొండో మీటరు.
ఇరవై ఏడు పెట్టె మీద అక్షరం పలచవడ్డది.
మార్కరు తీసి
"తడి" అన్న మాట మళ్ల దిద్దిన.
లోపలి రాయి ఎప్పుడో ఎండిపోయింది.